ఏఎస్ఎల్ అడిగిన రోజులు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామందికి నెట్ సెంటర్ అంటే హాల్ టికెట్ ప్రింటు తీయించుకునే కొట్టు. మాకు అలా కాదు. 2003లో నేను తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు అరగంటకి పది రూపాయలు. హాస్టల్ పిల్లలకి ఆ పది ఎక్కడివి? నలుగురం కలిసి వేసుకునేవాళ్లం. ఒకడు మౌస్ పట్టుకుంటే ముగ్గురు కుర్చీ వెనకాల నిలబడేవాళ్లు. మోడెం కీచుమని, గరగరలాడి, లైను కలిసేసరికే ఐదు నిమిషాలు పోయేవి. ఫోటో అయితే పైనుంచి కిందకి ముక్కముక్కగా దిగేది. ఈనాడు చదవాలంటే ముందు దాని ఫాంటు దింపుకోవాలి, లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలే.

యాహూ చాట్ రూములోకి వెళ్లగానే అవతలి మనిషి అడిగే మొదటి మాట ఏఎస్ఎల్. వయసెంత, ఆడా మగా, ఏ ఊరు. అంతే. ఇంటిపేరు అడగరు, మీరేవాళ్లు అనరు, నాన్న ఏం చేస్తాడనీ అడగరు. బళ్లో, బస్సులో, అద్దె ఇంటి కోసం వెళ్లినచోట, చుట్టూ తిప్పి కులం దగ్గరికే తెచ్చే ప్రశ్నలు ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉంటున్నది తెనాలి కాబట్టి తెనాలి అని కొట్టేవాణ్ణి. కువైట్లో ఉన్న ఒకాయన "రామకృష్ణుడి ఊరా!" అని తెగ సంబరపడ్డాడు. మావాడొకడు ఆంధ్రా ప్యారిస్ అని కొట్టి, నిజం ప్యారిసే అనుకున్న ఒకమ్మాయితో వారం రోజులు కబుర్లాడాడు. ఊరు చెప్పాక అవతలి మనిషి గొంతు మారకపోవడం నాకు అదే మొదటిసారి.

మాది స్టువర్టుపురం. బాపట్లకీ చీరాలకీ మధ్య చిన్న స్టేషను. బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం కింద మన ఎరుకల కుటుంబాల్ని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టిన సెటిల్మెంటు. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. ముద్ర పోలేదు. 1991లో, ఒక్క ఏడాదిలోనే, మా ఊరి పేరు మీద రెండు సినిమాలు వచ్చాయి: ఒకటి స్టువర్టుపురం దొంగలు, రెండోది స్టువర్టుపురం పోలీస్ స్టేషన్. పేర్లు చూస్తేనే తెలుస్తుందిగా.

డిగ్రీకి బాపట్ల వచ్చాక ఒకరోజు గూగుల్లో ఊరి పేరు కొట్టి చూశా. దొంగలు, పోలీసులు, సినిమాలు. ఈత బద్దలతో బుట్టలల్లే మా నాయనమ్మ లేదు, టీచరైన మా బాబాయి లేడు. నాయనమ్మ ఎరుక చెప్పేది కూడా. ఇదీ ఎరుక చెప్పే యంత్రమే గదా అనుకున్నా. కాకపోతే నాయనమ్మ ముందు ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని, మాట వినేది.

ఆ తర్వాత ఆర్కుట్ వచ్చింది. అందులో కులానికో కమ్యూనిటీ. ఇంటిపేర్లు మళ్లీ బయటికొచ్చాయి.

2011లో కేంద్రం సైబర్ కెఫేలకి రూల్స్ పెట్టింది. గుర్తింపు కార్డు చూపించాలి, రిజిస్టర్లో పేరూ అడ్రసూ రాయాలి, ఆ రికార్డు ఏడాది దాచాలి. క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. అప్పుడు నేను రేపల్లెలో అక్కావాళ్లింట్లో ఉండి ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతున్నా. ఒక సెంటర్లో రిజిస్టర్ రాసిచ్చా. ఆయన అడ్రసు చదివి తలెత్తాడు. "స్టువర్టుపురమా?" అన్నాడు. క్యాబిన్లు ఖాళీగానే ఉన్నాయి, అయినా తన టేబుల్ పక్కన సిస్టమే చూపించాడు. నేను లేచాక మౌస్, హెడ్‌ఫోన్ ఉన్నాయో లేదో నా ముందే చూసుకున్నాడు. అప్లికేషన్ మాత్రం వెళ్లింది లెండి. ఫీజు చలానా కూడా అక్కడే తీసుకున్నా.

యాహూ చాట్ రూములు 2012లో మూతపడ్డాయి, ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న. పాత నెట్ బంగారం అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పూర్తిగా అలా అనలేను. అందులో మనల్ని ఎవరూ గుర్తుపట్టలేదు, నిజమే. కానీ మన మాట, మన మనుషులు కూడా అందులో లేరు. ఇప్పుడు ఫోన్ నంబర్ దగ్గర్నుంచి ఆధార్ దాకా దానికి అన్నీ తెలుసు. దొరికింది ఒకటి, పోయింది ఒకటి.

పోయిన సంక్రాంతికి అక్క కూతురు మా పెద్దమ్మ బుట్ట అల్లుతుంటే వీడియో తీసి పెట్టింది, ఊరి పేరు రాసి మరీ. ఎవరో తెలియనివాడు కింద అదే పాత దొంగల జోకు రాశాడు. పిల్ల వాడికి తెలుగులో కాదు, మన ఎరుకల మాటలోనే, తెలుగు అక్షరాలతో జవాబిచ్చింది. వాడికి ముక్క అర్థం కాలేదు. ఏమందో ఇక్కడ రాయను గానీ, మావాళ్లంతా రాత్రి పొద్దుపోయేదాకా నవ్వుతూనే ఉన్నారు.