చిత్తూరు బెల్లం, నానీ గుల్‌గులాలు

రమజాను చివరి పది దినాలలో ఒక ఉదయం మేము, అక్కచెల్లెళ్ళం ఇద్దరమూ, తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాము. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరు జిల్లా అయినా, మా ఇంటి పండుగ బెల్లం మాత్రం పాత జిల్లా కేంద్రం వైపు నుండే రావాలని నానీ పట్టు. కిందటి ఈద్‌కు ఆ మాట పెడచెవిని పెట్టి, వీధి చివరి అంగడిలో పసుపుపచ్చగా మెరిసే బెల్లం కొన్నాము. రుచి చాలక మరికొంత, ఇంకొంత కలిపాము. పాలు మించిన బెల్లంతో గుల్‌గులాలు నూనెలోనే విచ్చిపోయాయి. చూపు మందగించి పొయ్యి దగ్గరికి రాలేని నానీ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు ఒక్కటీ తినలేదు.

గోధుమపిండిని బెల్లపు నీటితో కలిపి, ముద్దలుగా నూనెలో వేయించే ఈ వంటకానికి బంధువులు చాలామందే. గల్ఫ్ దేశాలలో రమజాను రాత్రుల లుఖైమాత్, పోర్చుగల్‌లో క్రిస్మస్‌కు వండే ఫిల్యోస్ దీనికి దూరపు చుట్టాలు. అయితే వాటికి తీపి పైనుండి పడుతుంది. మన గుల్‌గులాకు తీపి పిండిలోనే. అందుకే బెల్లం మంచిది కాకపోతే దాచుకోవడానికి చోటుండదు.

చంద్రగిరి దాటి, పిందెలతో వంగిన మామిడితోటల నడుమ సాగి, పూతలపట్టు దగ్గర దిగాము. చెరకుపిప్పి మంట మీద వెడల్పాటి పెనంలో రసం కుతకుతలాడుతోంది. రసాయనం వేస్తే రంగు తేలి, బెల్లం త్వరగా అమ్ముడుపోతుందనీ, తాను మాత్రం వేయననీ గానుగ పెద్దాయన చెప్పాడు. ఆయన ముద్దలు ముదురు గోధుమరంగులో ఉన్నాయి. ఒక ముక్క విరిచి, “రుచి చూడండి తల్లీ” అన్నాడు. మేము తటపటాయించాము. “ఒక్కపొద్దులా? అయ్యో!” అని ఆయనే నొచ్చుకుని, ఆ ముక్కను కాగితంలో చుట్టి, “పొద్దు గుంకినాక తినండి” అని చేతిలో పెట్టాడు. రుచి చూడకుండా బెల్లం కొనడం మాకదే మొదటిసారి. వాసననే నమ్ముకున్నాము.

నెలవంక కనిపించిన రాత్రి రెండు కప్పుల పిండికి ఒక కప్పు బెల్లం కరిగించి, వడగట్టి, సోంపు, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పెరుగు చేర్చి కలిపి మూత పెట్టాము. పిండి వేళ్ళనుండి ధారగా కాక, ముద్దగా జారాలి. ఫజ్ర్ తరువాత నూనె పెట్టాము. నానీ వంటింటి గడప దగ్గర కుర్చీ వేయించుకుని చెవి ఇటు పెట్టింది.

మొదటి వాయి వేయగానే, “మంట తగ్గించండి, నూనె అరుస్తోంది” అన్నది. నిజమే, పైన నల్లబడి లోన పచ్చిగా ఉన్నాయి. రెండవ వాయికి చప్పుడు సన్నబడింది. “ఇప్పుడు తిప్పండి.” తిప్పాము. విరగలేదు.

ఈదుల్ ఫిత్ర్ నాడు ఇంటి నుండి బయలుదేరేముందు బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినడం దైవప్రవక్త (స) సంప్రదాయం. మగవారు ఖర్జూరాల తరువాత తలా ఒక గుల్‌గులా నోట వేసుకుని ఈద్‌గాహ్‌కు వెళ్ళారు.

నానీ ఒకటి తుంచి, వాసన చూసి, నెమ్మదిగా తిన్నది. రెండవదానికి చేయి చాపింది.

“ఆ బెల్లం ఇంకా ఉందా?”

“రెండు ముద్దలున్నాయి నానీ.”

“బక్రీద్‌కు దాచండి. ఆ రోజు నమాజు అయినాకే కదా తినేది. తొందరపడి మంట పెంచే పని ఉండదు.”