క్లచ్చి తొక్కితే ఏది ఆగుతుంది?

అనంతపురం నుంచి గార్లదిన్నె హైవే మీద అరగంట ప్రయాణం. దక్షిణాది రాష్ట్రాల కోసం 1983లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ అక్కడే ఉంది. చిరునామాలోనే ‘ట్రాక్టర్ నగర్’ అని రాస్తారు. ఆ సంస్థను చూడాలని నాకు, ట్రాక్టరు కొనాలని మామకు. ఇద్దరం కలిసే బయల్దేరాం.

మామకున్నది చీనీతోట, దాని వెనక గుట్టవారన బీడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే నేల ఇది. అయినా ఆ కాస్త వానకే గడ్డి మోకాలెత్తు లేస్తుంది, ఎండాకాలం వస్తే అగ్గిపుల్లకు సిద్ధంగా ఉంటుంది. దున్నేస్తే ఎర్రమట్టి వానకు కొట్టుకుపోతుంది. అందుకే ట్రాక్టరు వెనక తగిలించే గడ్డికోత యంత్రం, స్లాషరుతో కోయించాలన్నది ఆయన ఆలోచన. చిక్కల్లా గుండ్లతోనే. సగం గుండ్లు గడ్డిలో కనపడవు. వాటికి తోడు డ్రిప్పు పైపులు, నరికినా మళ్లీ చిగిర్చే కంప మోళ్లు.

సంస్థ చూసుకుని వస్తూ దారిపక్క ఒక మెకానిక్ షెడ్డు దగ్గర ఆగాం. అక్కడ బెంచీ మీద గేరుబాక్సు విప్పి ఉంది. పాత రకం స్లైడింగ్ మెష్. గేరు మార్చినప్పుడల్లా పళ్లచక్రమే జరిగి ఇంకోదానికి తగులుకోవాలి. తగిలీ తగిలీ పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. కాన్‌స్టెంట్ మెష్‌లో చక్రాలు ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, జరిగేది మధ్యలోని కాలరు మాత్రమే.

“ఎన్ని గేర్లుంటే మంచిది?” అని మామ అడిగాడు.

“గేర్లు కాదు పెద్దాయనా, క్లచ్చి ఒకటా రెండా చూసుకో” అన్నాడు మెకానిక్.

ఆ మాట నార్పల వైపు ఒక తోటలో కళ్లారా అర్థమైంది. సింగిల్ క్లచ్ బండికి స్లాషరు తగిలించి కోస్తున్నారు. డ్రైవరు ఒక గుండు ముందర క్లచ్చి తొక్కాడు. బండి ఆగలేదు, ఇంకో జానెడు ముందుకు పోయి, బ్రేకు పడ్డాక ఆగింది. “కత్తి ఊపు మీదుంటాది సార్. ఇంజను తెగినా అదే వెనకనుంచి బండిని తోస్తాది” అన్నాడు. నిజమే, ఇలాంటి బండిలో పీటీవోకు, అంటే వెనక తగిలించిన యంత్రాన్ని తిప్పే షాఫ్టుకు, శక్తి గేరుబాక్సులోంచే అందుతుంది. తిరుగుతున్న బరువైన కత్తి ఆ దారినే వెనక్కి చక్రాలను తిప్పుతుంది. పీటీవో షాఫ్టుకు ఓవర్‌రన్నింగ్ కప్లర్ వేస్తే ఈ బెడద పోతుంది. చిన్న సామానే, కానీ స్లాషరు కొనేటప్పుడు అడిగేవాళ్లు తక్కువ.

సింగిల్ క్లచ్‌తో ఇంకో తంటా, బండి ఆపితే కత్తీ ఆగిపోతుంది. డ్యూయల్ క్లచ్‌లో పెడలు సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. మొత్తం తొక్కితే రెండూ ఆగుతాయి. ఒత్తు గడ్డిలో బండి నిలబెట్టి కత్తికి తెరిపివ్వాలన్నా, గుండు దగ్గర వెనక్కి తీయాలన్నా ఇదే కావాలి. స్టీరింగు పక్కనే షటిల్ లీవరుంటే ముందుకూ వెనక్కూ పోవడం మరీ సులువు.

గడ్డికోతకు అన్నిటికన్నా సుఖమైనది హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అని నేను మామకు చెప్పకుండా ఉండలేకపోయాను. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1967లోనే 656 మోడల్‌లో తెచ్చింది. నూనె ఒత్తిడితో నడుస్తుంది, ఇంజను వేగం మార్చకుండానే కదలిక ఆపొచ్చు, పెంచొచ్చు. కానీ కొంత శక్తి నూనెను వేడి చేయడానికే పోతుంది. మామ ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు: “తొలివానకు చెనిక్కాయ చేను దున్నాల, చీనీకాయలు మార్కెట్టుకు తోలాల. దానికేం బండి తెస్తావ్ అల్లుడూ?”

గడ్డి కోసమే ఒక బండి పెట్టుకునే స్తోమత ఇక్కడి రైతుకు లేదు. అందుకే నా లెక్కలోనూ డ్యూయల్ క్లచ్, కాన్‌స్టెంట్ మెష్, నడిచే మనిషి వేగం కన్నా నెమ్మదిగా పోయే లో గేరు ఉంటే చాలు. మిగిలిన డబ్బు స్లాషరుకు పెట్టాలి: రాయి తగిలితే వెనక్కి ముడుచుకునే కత్తులు, గుండు మీద జారిపోయే గుండ్రటి పళ్లెం, తెగినా పది రూపాయలతో పోయే షియర్ బోల్టు.

షటిల్ బండికి ధర అడిగి మామ తల అడ్డంగా ఊపాడు. ఎనిమిది ముందుకు, రెండు వెనక్కు ఉన్న డ్యూయల్ క్లచ్ బండికి బయానా ఇచ్చాడు. చెట్ల మొదళ్ల చుట్టూ మాత్రం కూలీలతో కొడవళ్లే పట్టిస్తానన్నాడు. కప్లరు ఉచితంగా ఇమ్మని షాపువాడితో ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు.