మా పెద్దోడి పరుగు, నా పన్నెండు వేలు

ఈసారి పోస్టు వరి గురించి కాదు, ఎరువుల ధర గురించీ కాదు. మా పెద్దోడి గురించి, మిలట్రీ సెలక్షన్ల గురించి. మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ఇంటికో కుర్రాడు దీని వెనకే తిరుగుతున్నాడు కాబట్టి రాస్తున్నాను. కొంచెం పెద్దదే. ఉభాల పని అయ్యాక తీరిగ్గా చదవండి.

ముందు నా సంగతి చెప్తాను. 1995లో నేనూ వెళ్లాను. టీ కొట్టులో పేపరు చూసి ఎవరో చెప్పారు, విశాఖపట్నంలో సెలక్షన్లని. మా ఊరు నుంచి పదకొండు మందిమి. బస్సుకి డబ్బులు చాలక సగం దూరం లారీ మీద పోయాం. రాత్రంతా గ్రౌండు గోడ పక్కన తువ్వాలు పరుచుకుని పడుకున్నాం. తెల్లారేసరికి ఎక్కడ చూసినా మనుషులే. తోపులాట, లాఠీలు, ఒకడి చెప్పు ఇంకొకడి కాలికింద. ముందు పరుగే. పరుగులో నేను నెగ్గాను సుమా. పొలం గట్ల మీద పుట్టి పెరిగినోడికి అదొక లెక్కా. ఛాతీ దగ్గర పోయింది. ఊపిరి పీలిస్తే 5 సెంటీమీటర్లు పెరగాలంట, నాకు పెరగలేదు. టేపు పట్టుకున్న మీసాలాయన నా వీపు మీద ఒక్కటి చరిచి హిందీలో ఏదో అన్నాడు. పక్కోడు చెప్పాడు, "పాలు తాగి వచ్చే ఏడు రమ్మంటున్నాడ్రా" అని. వచ్చే ఏడు మా అయ్య మంచం పట్టాడు, నేను నాగలి పట్టాను. అంతే.

ఇప్పుడంతా తిరగబడింది. 2023 నుంచి ముందు కంప్యూటర్లో పరీక్ష, అందులో పాసైన వాళ్లకే పరుగు. దరఖాస్తు ఫోన్లో, ఫీజు ఫోన్లో, అడ్మిట్ కార్డు ఫోన్లో, రిజల్టూ ఫోన్లోనే. రిజల్టంటే ఏమీ లేదు, రోల్ నంబర్లు వరసగా పేర్చిన ఒక పీడీఎఫ్. మన నంబరు కొట్టి వెతకాలి. ఉంటే పసుపు రంగులో మెరుస్తుంది. లేకపోతే ఏమీ జరగదు. వీపు మీద చరిచేవాడు కూడా ఉండడు.

మంచి లేదని నేను అనను. వేలమంది ఒక్క గేటు మీద పడి తొక్కుకోవడం తగ్గింది. పరుగు నెగ్గి, ఛాతీ నెగ్గి, నెలల తర్వాత రాత పరీక్షలో పోయి ఏడ్చినోళ్లు మా రోజుల్లో ఎంతోమంది. ఇప్పుడు చదువు సంగతి ముందే తేలిపోతుంది. మోటారు దగ్గర కూర్చుని కూడా అప్లై చేసుకోవచ్చు. ఆడపిల్లలకీ మిలట్రీ పోలీసులో దారి ఉందని మా తమ్ముడి కూతురు ఫోన్లో చూసే తెలుసుకుంది, మాకెవరికీ తెలీదు.

కానీ ఒక మాట. మా పెద్దోడు పదిహేడో ఏడు నుంచి కాలువ గట్టు మీద పరిగెడుతున్నాడు. వానొచ్చినా ఆపలేదు. 2024లో మొదటిసారి పరీక్షకి కూర్చున్నాడు. జీడీకి గంటలో 50 ప్రశ్నలు, తప్పు పెడితే మార్కు కోత. అంతకుముందు వాడు మౌసు ముట్టుకున్నది లేదు. ఫోన్లో వేలితో తోసే అలవాటు, అక్కడ ఆ బాణం గుర్తు వాడి మాట వినలేదు. మూడేళ్లు పరిగెట్టినోడు ఒక్క అడుగు పరిగెట్టకుండానే ఇంటికి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

అసలు సంగతి ఇక్కడ మొదలైంది. సిగ్గుగానే ఉంది గానీ చెప్పేస్తాను.

రిజల్టు వచ్చిన వారానికి నాకు ఫోను. తెలుగే, మన యాసే. "మీ అబ్బాయి పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది, పైన మాట్లాడి కలిపిస్తాం" అన్నాడు. వాడి రోల్ నంబరు చెప్పాడు, నా పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. వాట్సాప్‌లో చూస్తే యూనిఫాం ఫోటో. ఐడీ కార్డు కూడా పంపాడు. మొత్తం లక్షా ఎనభై, ముందు ఫైలు కదలడానికి పన్నెండు వేలు. ఎరువులకని ఉంచిన మదుపు డబ్బుల్లోంచి కొట్టేశాను. ఫోన్‌పేలో టింగుమంది, వెళ్లిపోయింది.

మిగతా దాని కోసం మా ఆవిడ గాజులు మూటగట్టి బ్యాంకుకి బయల్దేరాను. దారిలో హవల్దారు మావయ్య ఎదురయ్యాడు. పద్దెనిమిదేళ్లు చేసి వచ్చినాయన, ఇప్పుడు మా పక్క మడి ఆయనదే. "పొద్దున్నే బ్యాంకుకేంట్రా అల్లుడూ" అన్నాడు. చెప్పాను. ఆయన సైకిలు స్టాండు వేసి నిలబడిపోయాడు. "పరీక్ష ఫీజు తప్ప సైన్యం నీ దగ్గర పైసా తీసుకోదు. డబ్బడిగినోడు సైన్యంవాడు కాడు. గాజులు ఇంటికి పట్టుకెళ్లు" అన్నాడు. అప్పటిగ్గానీ నా బుర్ర వెలగలేదు.

మరి మా వివరాలు వాడికెలా తెలిశాయి? పెద్దోణ్ని కూర్చోబెట్టి అడిగితే తేలింది. టెలిగ్రాంలో ఏదో ఛానెల్, ఫ్రీగా పాత పేపర్లు ఇస్తామంటే ఒక ఫారం నింపాడంట. పేరు, తండ్రి పేరు, రోల్ నంబరు, ఫోను నంబరు, అన్నీ చేత్తో ఎత్తి ఇచ్చాడు. 1930కి ఫోను చేస్తే ఫిర్యాదు రాసుకున్నారు గానీ, నేను పరువు పోతుందని అప్పటికే తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. గంటల్లో చెప్తే డబ్బు ఆపడానికి వీలుంటుందంట. పన్నెండు వేలూ పోయినట్టే.

నాది డబ్బుతో పోయింది. 2024 మొదట్లో టీవీలో చూసే ఉంటారు, యూట్యూబ్ వీడియో నమ్మి రష్యా వెళ్లిన మన దేశపు కుర్రాళ్ల సంగతి. సైన్యంలో హెల్పరు పని, మంచి జీతం, యుద్ధం దగ్గరికి పంపం అన్నారు. తీరా వెళ్లాక తుపాకీ ఇచ్చి ఉక్రెయిన్ సరిహద్దుకి తోలారు. తెలంగాణ పిల్లలూ ఉన్నారు వాళ్లలో. హైదరాబాదు కుర్రాడొకడు అక్కడే చనిపోయాడు. ఆ మార్చిలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టింది. జూలైలో మోదీ మాస్కో వెళ్లినప్పుడు కూడా ఈ పిల్లల్ని వదలమనే మాట ఎత్తాల్సి వచ్చింది. మా కాలంలో ఊరికి బ్రోకరు వస్తే మొహం చూసి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాళ్లం. ఫోన్లో వచ్చినోణ్ని ఏ ఊరని అడుగుతాం?

ఇంకోటి. కుర్రాళ్లు ఫోన్లో చూసేది మిలట్రీ కాదు, రీలు. పాట, జెండా, స్లో మోషన్లో బూట్లు. ముప్పై సెకన్లలో ఒళ్లు పులకరిస్తుంది, నాక్కూడా పులకరించింది. కానీ అగ్నివీర్ అంటే నాలుగేళ్లని, నూటికి 25 మందికి మించి ఉంచరని ఆ రీల్లో ఉండదు. మొదటి ఏడు జీతం నెలకి 30 వేలు, చేతికి 21 వేలే, మిగతాది నిధికి పోతుంది. బయటికొచ్చాక సుమారు 11 లక్షలు చేతిలో పెడతారు, పింఛను ఉండదు. హవల్దారు మావయ్య పింఛనుతోనే బోరు వేసుకున్నాడు. ఈ లెక్క నేను పెద్దోడితో కళ్లంలో కూర్చుని కాగితం మీద వేశాను. వాడు విని, "తెలుసు నాన్నా, అయినా వెళ్తాను" అన్నాడు. తెలిసి వెళ్తే నాకు అభ్యంతరం లేదు.

2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్లో రైళ్లు తగలబడ్డ రోజు గుర్తుందా? కరోనా పేరు చెప్పి రెండేళ్లు భర్తీ ఆపేశారు. అంతకుముందే పరుగూ మెడికలూ నెగ్గినవాళ్లు రాత పరీక్ష కోసం కాచుక్కూర్చుంటే, కొత్త పథకం వచ్చి పాతదంతా కొట్టేసింది. ఆ పిల్లల్ని వాట్సాప్ గ్రూపులే స్టేషన్‌కి చేర్చాయి. కాల్పుల్లో వరంగల్ కుర్రాడు ఒకడు పోయాడు. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు సంగతి చెప్పక్కర్లేదు, పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతారు. గ్రూపులో పిలిచినోడు మాత్రం ఫోను కట్టేస్తాడు.

సరే, మా ఇంటికొస్తాను. పెద్దోడు 2025లో మళ్లీ అప్లై చేశాడు. ఈసారి తెలుగులో కూడా పరీక్ష పెట్టారు, ఎంత ఊరటో. దరఖాస్తు నెట్ సెంటర్లో కాకుండా ఇంట్లోనే చేయించాను, ఎందుకంటే పోయినసారి అక్కడి కుర్రాడు వాడి సొంత మెయిలే పెట్టేశాడు, అడ్మిట్ కార్డు కోసం వాడి చుట్టూ మూడు రోజులు తిరగాల్సి వచ్చింది. పాసువర్డు నోటుపుస్తకంలో రాసి బియ్యం డబ్బా వెనక పెట్టాం. మౌసు కోసం మా బావమరిది పాత కంప్యూటరు తెచ్చిచ్చాడు. వాడు రాత్రిళ్లు దానితోనే కుస్తీ పట్టాడు.

జూలై ఆఖర్లో రిజల్టు. ఆకుమడి తీయిస్తున్నాను, చేతులనిండా బురద. వాడు గట్టు మీంచి పరిగెత్తుకొచ్చి ఫోను నా మొహం ముందు పెట్టాడు. పసుపు రంగు.

ఇప్పుడు రోజూ నాలుగున్నరకి లేస్తున్నాం ఇద్దరం. 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో వస్తే 60 మార్కులు. తూము నుంచి రావిచెట్టు దాకా టేపు పెట్టి కొలిచి సున్నం గీత గీశాను. వాడు పరిగెడతాడు, నేను ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని చెట్టు దగ్గర నిలబడతాను. నిన్న 5.36. ఇవాళ 5.33. హవల్దారు మావయ్య పళ్లు తోముకుంటూ వచ్చి, "చేతులు ఊపు, చేతులు" అని అరుస్తున్నాడు.