కార్డు మార్చాను, తమ్ముడికి చెప్పలేదు

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. స్క్రీన్ అంతా నలుపు. ఎడమ పక్క పైన ఒక్క గీత మాత్రం మిణుకుమిణుకుమంటోంది. వెనకాల తమ్ముడు నిలబడి ఉన్నాడు.

"అన్నా, బుధవారం నా ప్రాజెక్ట్ రివ్యూ ఉందని తెలుసు కదా?"

తెలుసు. తెలిసీ వాడికి చెప్పకుండా గ్రాఫిక్స్ కార్డు మార్చేశాను.

ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కున్న పీసీ అది. అందులో ఎన్విడియా జీటీఎక్స్ 1060 ఉండేది. 2016 నాటి మోడల్ అయినా ఏ రోగమూ లేదు. కానీ ఆ తరం కార్డులకు 580 సిరీసే చివరి డ్రైవర్ అని తెలిశాక నాకు మనసు ఆగలేదు. లైనక్స్‌లో ఎన్విడియా డ్రైవర్‌ని విడిగా వేసుకోవాలి. కెర్నల్ మారిన ప్రతిసారీ దాని మాడ్యూల్ కూడా కొత్తగా తయారవ్వాలి. అదే ఏఎండీ అయితే డ్రైవర్ కెర్నల్‌తోనే వస్తుంది, మిగతా గ్రాఫిక్స్ పనంతా మీసా చూసుకుంటుంది. అలా సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 6600 పట్టుకొచ్చా. (మీరూ కొనేట్టయితే ముందు పవర్ సప్లై చూసుకోండి. 1060కి 6 పిన్నుల కేబుల్ చాలు, దీనికి 8 కావాలి.)

పాత డ్రైవర్ తీసేశా, కార్డు మార్చా, ఆన్ చేశా. నలుపు!

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల స్క్రీన్ వచ్చింది. అంటే కంప్యూటర్ బతికే ఉంది. లాగ్ చదివితే అసలు దొంగ దొరికాడు. నేనే. నాలుగేళ్ల క్రితం రెండో మానిటర్ కోసం చేత్తో రాసుకున్న ఎక్స్‌ఆర్గ్ ఫైల్‌లో డ్రైవర్ పేరు ఎన్విడియా అని ఉంది. డ్రైవర్ ప్యాకేజీ తీసేసినా మనం రాసిన ఫైల్ ఎక్కడికీ పోదు కదా. దాని పేరు మార్చి రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేసింది. నేను కాలర్ ఎగరేశా. తమ్ముడు మాత్రం నవ్వలేదు.

"నా మోడల్ సంగతేంటి?"

వరి ఆకుల ఫొటోలు చూసి తెగులు గుర్తుపట్టే మోడల్ వాడిది. పైటార్చ్‌లో రాశాడు, నడిచేది ఎన్విడియా వాళ్ల కూడా మీద. ఏఎండీ దగ్గర దానికి బదులు ఆర్‌ఓసీఎం ఉంది, కానీ అధికారిక జాబితాలో 6600 లేదు. సెట్టింగ్స్‌లో వెర్షన్ 10.3.0 అని అబద్ధం చెబితే నడుస్తుంది. రాత్రి రెండింటికి నడిచింది కూడా. తమాషా ఏంటంటే, ఏఎండీ కార్డు మీద కూడా కోడ్‌లో కూడా అనే ఉంటుంది, వాడు ఒక్క లైన్ మార్చక్కర్లేదు. ఈ వాక్యం రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, వాడికి మాత్రం ఆ రాత్రి రాలేదు.

"అబద్ధం చెప్పి నడిపిస్తున్నాం. రేపు మధ్యలో ఆగిపోతే ఎవర్ని అడగాలన్నా?"

నా దగ్గర జవాబు లేదు. సోమవారం ఆఫీసు నుంచి రాగానే మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకుని 1060 పెట్టి 580 డ్రైవర్ వేశా. వాడు రెండు రాత్రులు కూర్చుని ట్రెయినింగ్ పూర్తి చేసుకున్నాడు.

గురువారం 6600 మళ్లీ లోపలికి వెళ్లింది, ఈసారి వాణ్ణి అడిగాకే. 1060 అమ్మేద్దామన్నాను. వాడు దాన్ని పాత టవల్‌లో చుట్టి తన బట్టల బీరువాలో పెట్టుకున్నాడు.