నాస్తికులతో మన వివాదము

దేవుడు కలడనువారికిని లేడనువారికిని నడుమ వాదము క్రొత్తది కాదు. అయినను మా బాల్యమున మన కోనసీమ యిండ్లలో ఇది అరుదుగా వినబడుచుండెను. నేడు తండ్రి ఆదివారపు ఆరాధనకు పోవును, పెద్దకుమారుడు హేతువాదుల సభకు పోవును, రాత్రి భోజనమువేళ ఇరువురును మాటలాడుకొనరు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి మా తరగతులకు వచ్చు పిల్లలు కొందరు ఈ తగవును విని, దానినే ప్రశ్నలుగా మా యెదుట నుంచుచున్నారు. కావున ఈ సంచికలో దీనిని గూర్చి కొంత విచారింప దలచితిమి. మేము క్రైస్తవులము, ఆ సంగతి దాచి తటస్థులమని చెప్పుకొనము. కాని ఎదుటివాని మాటను సరిగా చెప్పలేనివాడు దానిని ఖండించుటకు అర్హుడు కాడని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. ఆ నియమమునే ఇచ్చట పాటించెదము.

నాస్తికుడనగా నీతి లేనివాడని మనలో ఒక తలంపు గలదు. ఇది సరి కాదని తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. గోరా అను పేరుతో ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) మన పొరుగుననున్న కాకినాడలో, పిఠాపురము రాజావారి కళాశాలలో ఉపాధ్యాయులుగా నుండిరి. నాస్తిక భావములను దాచుకొననందున 1933లో ఆ యుద్యోగము పోయెను. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. ఆయనయు భార్య సరస్వతిగారును అగ్రకులమున పుట్టియు కులమును విడిచి, అంటరానివారని లోకము త్రోసివేసినవారితో కలసి భుజించిరి. తమ కుమార్తె మనోరమగారిని దళిత యువకుడైన అర్జునరావుగారికిచ్చి 1948లో సేవాగ్రామమున వివాహము చేసిరి. ఆ పెండ్లిని తామే జరిపింతుమని గాంధీమహాత్ములు మాట యిచ్చియుండిరి. ఆ జనవరిలోనే వారు హతులగుటచే వారు లేకయే జరిగినది. మన తాతముత్తాతలలో అనేకులు ఊరి వెలుపలి పల్లెలనుండి మనుష్యులుగా ఎంచబడవలెనను ఆశతో సంఘములో చేరినవారే. అట్టివారి సంతతియైన మనము నేడు పెండ్లి సంబంధము వెదకునపుడు కులము నడుగుట మానితిమా? ఈ విషయమున దేవుని నమ్మని ఆ దంపతులు మనకంటె ముందు నడచిరని ఒప్పుకొనుట న్యాయము.

మరియొక కుటుంబమును చూడుడు. మహాకవి గుఱ్ఱము జాషువగారు క్రైస్తవ గృహమున పుట్టినవారు. వారి 'క్రీస్తుచరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. వారి కుమార్తె హేమలతగారు గోరాగారి కుమారుడగు లవణముగారిని 1960లో వివాహమాడిరి. బాపట్ల దాపున నున్న స్టూవర్టుపురము, ఆంగ్ల ప్రభుత్వము నేరస్థజాతి యని ముద్రవేసిన ఎరుకలవారి కొరకు సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థవారు నడపిన కాలనీ. ఆ ఊరివారి జీవితములు బాగుపడవలెనని 1970వ దశకమున పాటుపడినవారు ఈ నాస్తిక దంపతులు. క్రైస్తవులు మొదలుపెట్టిన పొలములో నాస్తికులు దున్నిరి. ఆ సేవ పొందిన కుటుంబములకు ఇరువురి పనియు పనికివచ్చినదే.

ఇక వాస్తవముల మాట. గ్రహణమునాడు గర్భిణి వెలుపలికి వచ్చినచో బిడ్డకు అంగవైకల్యము కలుగునని మన దేశమున ఒక భయము గలదు. సరస్వతి గోరాగారు గర్భవతియై యుండియే గ్రహణమును చూచి, ఆ భయము వట్టిదని చూపిరి. ఇది యెరిగియు, గ్రహణవేళ కోడలిని గదిలో నుంచి తలుపు మూయు క్రైస్తవ గృహములు మన ప్రాంతమున లేకపోలేదు. ఇట్టి విషయములలో నాస్తికుడు మన విరోధి కాడు. మన యింటి చీకటిలో దీపము పట్టుకొని వచ్చిన పొరుగువాడు.

స్వస్థత సభల సంగతియు నిట్టిదే. రోగి కొరకు ప్రార్థించుట మన ధర్మము. కాని ప్రార్థన చేసితిమి గనుక మందు మానుమని చెప్పుట ధర్మము కాదు. చిన్ననాటనే చక్కెరవ్యాధి వచ్చి ఇన్సులిన్ సూదిమందుపై బ్రతుకు బాలునికి అది మానిపించినచో, కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును. మంత్రతంత్రములచే రోగములు కుదుర్చుదుమని ప్రకటనలు చేయుటను నిషేధించుచు 1954లోనే చట్టము పుట్టినది. రామచంద్రపురమున కుష్ఠరోగులకు ఆశ్రయమిచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు ప్రార్థించిరి. ప్రార్థించి ఊరకుండక రోగులకు పరిచర్య చేసిరి. తరువాత ఆ వ్యాధిని కుదిర్చినది ఔషధమే. 1980వ దశకమునుండి పలుమందులను కలిపి యిచ్చు చికిత్స వ్యాప్తిలోనికి వచ్చి, లక్షలమంది బాగుపడిరి. దీనివలన దేవుని మహిమకు తక్కువ రాలేదని మా నమ్మకము.

అయిన నాస్తికుడు ఇంకొక అడుగు వేసి, క్రీస్తు పునరుత్థానమునకు సాక్ష్యమేమని యడుగును. ఆ ప్రశ్న అపవిత్రమైనది కాదు. క్రీస్తు లేవనియెడల మన విశ్వాసము వ్యర్థమని పౌలే కొరింథీయులకు వ్రాసెను గదా! అనగా ఇది జరిగినదా లేదా యను ప్రశ్నను మొదట అంగీకరించినవాడు అపొస్తలుడే. యేసు అను బోధకుడు జీవించెననియు, పొంతి పిలాతు కాలమున సిలువ వేయబడెననియు చరిత్రకారులు దాదాపుగా అందరు ఒప్పుకొందురు. అటుపిమ్మట జరిగినదానికి మనకున్నవి శిష్యుల సాక్ష్యములు. అవి చాలునని మేము నమ్ముచున్నాము, చాలవని నాస్తికుడనుచున్నాడు. ఇచ్చటనే నిజమైన భేదమున్నది. దీనిని కేకలచేతగాని బెదిరింపుచేతగాని తీర్చలేము. నమ్మకము బలవంతముచే పుట్టదు. భారత రాజ్యాంగపు 28వ అధికరణము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందిన పాఠశాలలో, బాలుని సంరక్షకుని సమ్మతి లేనిదే ఆ బాలుని మతబోధకుగాని ఆరాధనకుగాని నిర్బంధింపరాదు. మిషను పాఠశాలలో పనిచేయు మేము దీనిని అడ్డంకిగా నెంచము. నిర్బంధముచే మోకరించిన బాలుడు దేవునికి మోకరించినట్లు కాదు.

అన్నిటికంటె కఠినమైనది నరకమును గూర్చిన మాట. కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మధ్యాహ్న విరామమున మా యొద్దకు వచ్చి, "మాస్టారండీ, మా తాతగారు నరకములో ఉన్నారా అండీ?" యని యడిగెను. ఆ తాతగారు దేవుని నమ్మనివారు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను మన కోనసీమను పాడుచేసినప్పుడు, ఇండ్లు కూలిన పొరుగువారిని కులము చూడక తన పెంకుటింటిలో నుంచుకొని, వారములు తరబడి గంజి పోసినవారు. మనుమరాలి చదువునకు రుసుము కట్టినవారును వారే. వారు చనిపోయిన దినమున, ఇంటికి వచ్చిన పెద్ద యొకరు, ఆ బిడ్డ వినుచుండగానే, ముసలివాడు అగ్నిగుండమునకు పోయెననిరి. నాటినుండి ఆ బాలిక అన్నము సరిగా తినలేదు. ఉదయపు ప్రార్థనలో పెదవి కదపలేదు.

ఆ పెద్దలు దుష్టులు కారు. బ్రతికియున్నవారైనను రక్షణ పొందవలెనను ఆతురతతో పలికియుందురు. కాని తాము పలికిన మాటను వారు విచారించిరా? మన బైబిలులో పాతాళమని తెనిగింపబడిన షెయోలు అను హీబ్రూమాటకు మృతులు పోవు చోటని యర్థము. ప్రభువు పలికిన గెహెన్నా యను మాట యెరూషలేము దాపున నున్న హిన్నోము లోయ పేరు. పూర్వము కొందరు తమ పిల్లలను అగ్నికి బలియిచ్చిన చోటు అది. దానికి తెలుగున నరకమను మాట వాడిరి. ఆ మాట పురాణములది. భాగవతమున ఇరువదియెనిమిది నరకములు చెప్పబడినవి. కావున తెలుగు బిడ్డ నరకమని వినగానే యమభటులును కాగు నూనెయు కన్నులకు కట్టును. మన భయములో సగము సువార్తనుండి వచ్చినది కాదు. సంఘ చరిత్రలోనైనను అందరిదియు ఒకే మాట కాదు: శిక్ష నిత్యమని అగస్టీను బోధించెను, అతనికి ముందే ఓరిగెను తుదకు సర్వమును దేవునియందు బాగుపడునని ఆశించెను. ఇక మత్తయి సువార్త 25వ అధ్యాయమున తీర్పును వర్ణించునపుడు ప్రభువు అడిగినది, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితివా, పరదేశికి చోటిచ్చితివా యనియే.

మేము ఆ బాలికతో, "అమ్మా, మీ తాతగారెచ్చట నున్నారో మాకు తెలియదు. తెలియునని చెప్పినవారికిని తెలియదు. తీర్పు దేవునిది, ఆయన మనకంటె దయగలవాడని మేము నమ్ముచున్నాము. మీ తాతగారు పోసిన గంజిని ఆయన మరువడు. నీకు ప్రార్థింప మనసు లేకున్న ఊరకుండుము, ఎవరును నిన్నేమియు అనరు" అంటిమి. ఆమె కొంతసేపూరకుండి, "మరి తెలియనప్పుడు వారెందుకు చెప్పారండీ?" యని యడిగెను. దానికి మా యొద్ద సమాధానము లేకపోయెను. ఆ ప్రశ్నను పెద్దలకే అప్పగించుచున్నాము.

రాజోలు వాసియగు మా మిత్రులొకరు భౌతికశాస్త్రోపాధ్యాయులు, నాస్తికులు. వారీ సంగతి విని, "నరకమే లేదని చెప్పినచో ఒక్క మాటతో తీరిపోవును గదా" యనిరి. మేము వారికి చుండూరును జ్ఞాపకము చేసితిమి. 1991 ఆగస్టు 6న అచ్చట ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. 2007లో ప్రత్యేక న్యాయస్థానము ఇరువదియొక్కరికి యావజ్జీవ శిక్ష విధించెను. 2014లో హైకోర్టు అందరిని విడిచిపెట్టెను. చంపబడినవారి తల్లికి తుది తీర్పు ఒకటి కలదనుట బెదిరింపు కాదు, ఆదరణ. తీర్పు అను మాటను లోకమునుండి తీసివేసినచో ఆమెకు మిగులునదేమి? మిత్రులు ఆలోచించి, "పైలోకమున తీర్పు కలదని మీరు క్రిందిలోకమున ఊరకుందురు, మా భయమదియే" యనిరి. అది మాకు తగిలిన మాట. వారు ఇప్పటికిని నమ్మలేదు, మేమును మానలేదు. అయినను ఆ తల్లికి ఇచ్చటనే న్యాయము జరుగవలెనని ఇరువురమును అంగీకరించితిమి.

విద్యార్థులారా, మీ తరగతిలో నాస్తికుని కుమారుడుండినచో వానిని ఎగతాళి చేయకుడు; వాడు మిమ్ము ఎగతాళి చేసినచో, కోపింపక కారణమడుగుడు. నమ్మిక యంతయు భయమే యని వాడనినచో, అది సత్యము కాదని మీ నడతచే చూపుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ దేవుని గూర్చి కష్టమైన ప్రశ్న యడిగినపుడు చేయి యెత్తకుడు, నరకమును చూపకుడు. తెలిసినది చెప్పుడు, తెలియనిదానిని తెలియదని చెప్పుడు. అట్లు చెప్పిన ఇంటికి ఆ బిడ్డ రెండవ ప్రశ్నతో తిరిగి వచ్చును.