పీఎఫ్ పోర్టల్‌లో ఇంటివారి పేర్లు

ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ తన సభ్యుల కోసం నడుపుతున్న ఆన్‌లైన్ పోర్టల్‌ను ప్రైవేటు ఉద్యోగులు చాలామంది డబ్బు పని మీదనే తెరుస్తారు. పెళ్లికో, వైద్యానికో, ఇంటి స్థలానికో కొంత సొమ్ము తీసుకోవడానికి దరఖాస్తు పెట్టి, అది ఏ దశలో ఉందో చూసుకుని బయటికి వచ్చేస్తారు. అదే పోర్టల్‌లో ‘మేనేజ్’ అన్న శీర్షిక కింద ఇ-నామినేషన్ అనే పేజీ ఒకటి ఉన్నదని, సభ్యుడు హఠాత్తుగా మరణిస్తే ఖాతాలోని సొమ్మూ దానికి అనుబంధమైన బీమా మొత్తమూ ఎవరి చేతికి, ఎంత త్వరగా చేరతాయన్నది చాలావరకు ఆ పేజీ మీదనే ఆధారపడి ఉంటుందని తెలిసినవారు కూడా దానిని తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చునని వాయిదా వేస్తుంటారు. ఉద్యోగి తనంతట తాను పూర్తి చేసుకోవలసిన నమోదులన్నింటిలోనూ ఇంతటి బరువు మోసే పేజీ మరొకటి లేదు. ఇందులోని పొరపాటు బయటపడే సమయానికి దానిని దిద్దగలిగిన మనిషి ఉండడు.

ఈ పేజీ వెనుక ఉన్న ఏర్పాటును కొంత వివరంగా చెప్పుకోవాలి. 1952 నాటి భవిష్య నిధి చట్టం కింద ఏర్పడిన పద్ధతి ప్రకారం, 20 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలోని ఉద్యోగి సాధారణంగా తన మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 12 శాతం చెల్లిస్తాడు. యజమాని కూడా అంతే చెల్లిస్తాడు గానీ ఆ వాటా మొత్తం ఉద్యోగి ఖాతాలోకి రాదు. అందులో 8.33 శాతం 1995లో మొదలైన ఉద్యోగుల పింఛను పథకానికి మళ్లుతుంది. 15,000 రూపాయల వేతన పరిమితి మీద లెక్కగడతారు గనుక ఈ మళ్లింపు సాధారణంగా నెలకు 1,250 రూపాయలు దాటదు. వీటికి తోడు 1976లో వచ్చిన అనుబంధ బీమా పథకం ఉంది. దానికి ఉద్యోగి పైసా కట్టనక్కరలేదు, యజమానే కడతాడు, సభ్యుడు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు అందుతుంది. అంటే పీఎఫ్ అని ఒక్క పేరుతో పిలుచుకుంటున్నది నిజానికి ఖాతా సొమ్ము, పింఛను, బీమా అనే మూడు వేర్వేరు ఏర్పాట్లు. జీతం చీటీలో ఒక్క కోత మాత్రమే కనిపిస్తుంది గనుక మిగిలిన రెండింటి ఊసు ఇళ్లలో అంతగా వినిపించదు. ఉద్యోగి ఒక్క నెల చందా చెల్లించి సర్వీసులో ఉండగా మరణించినా భార్యకు నెలనెలా పింఛను వచ్చే నిబంధన ఉన్నదని, దానికి అదనంగా పిల్లల్లో ఒకేసారి ఇద్దరికి, 25 ఏళ్లు నిండేవరకు, పింఛను అందుతుందని బతికి ఉన్నప్పుడే ఇంట్లో చెప్పిపెట్టే ఉద్యోగులు తక్కువ.

కాగితాల కాలంలో నామినేషన్ అంతా ‘ఫారం 2’ అనే పత్రం మీద జరిగేది. ఉద్యోగంలో చేరిన రోజున గుమస్తా ఆ పత్రాన్ని ముందు పెట్టి, తండ్రి పేరేమిటి, పెళ్లయిందా, పిల్లలెందరు అని నోటితో అడిగి తానే నింపి, చివర సంతకం గానీ వేలిముద్ర గానీ వేయించుకునేవాడు. ఆ పద్ధతికి లోపాలు లేకపోలేదు. ఉద్యోగం మారితే ఖాతా సంఖ్యే మారిపోయేది, పత్రం పాత కంపెనీ బీరువాలో ఉండిపోయేది, పదేళ్ల తరువాత ఆ కంపెనీయే మూతపడి ఉండేది. 2014 అక్టోబరులో యూఏఎన్ అనే 12 అంకెల శాశ్వత సంఖ్య వచ్చాక, ఎన్ని చోట్ల పనిచేసినా ఖాతాలన్నీ ఒక్క మనిషి పేరుకిందికి చేరే వీలు కలిగింది. పోర్టల్‌లో ఇచ్చే నామినేషన్‌కు యజమాని ఆమోదం అక్కరలేదు, ఎన్నిసార్లయినా కొత్తది ఇచ్చుకోవచ్చు. కార్మికుడికి ఇది నిజమైన స్వేచ్ఛ. తన కుటుంబంలో ఎవరికి ఎంత అన్నది కంపెనీ ఎదుట చెప్పుకోవలసిన పని లేకుండా పోయింది. కాని, పెళ్లయిందా అని అడిగే గుమస్తా కూడా ఆ స్వేచ్ఛతోపాటే పోయాడు. అతడు అడగడంలో సగం సమాచార సేకరణ ఉంటే సగం హెచ్చరిక ఉండేది. కంప్యూటర్ తెర మీద ఖాళీ గడి మాత్రం ఎవరూ తెరవనంత కాలం ఎవరినీ ఏమీ అడగదు.

ఆ పేజీని తెరిచినవారికి మొదట ఎదురయ్యే అడ్డంకి ఫోటో. సభ్యుడి ప్రొఫైల్‌లో ఫోటో, చిరునామా లేకపోతే లోపలికి వెళ్లనివ్వదు. ఆ తరువాత, కుటుంబం ఉన్నదా లేదా అన్న ఒకే ఒక్క ప్రశ్న వస్తుంది. ఉన్నదంటే ఒక్కొక్కరి ఆధార్ సంఖ్య, పేరు, పుట్టిన తేదీ, బంధుత్వం, ఫోటో ఇవ్వాలి. మైనరు పిల్లలైతే సంరక్షకులెవరో చెప్పాలి. ఇవన్నీ భద్రపరిచాక ఖాతా సొమ్ముకు నామినీలను ఎంచుకుని, వాటాలు కలిపితే సరిగ్గా 100 శాతం అయ్యేలా రాయాలి. పింఛనుకు వేరే భాగం ఉంది. ఇంతవరకు వచ్చాక, వివరాలు భద్రమయ్యాయన్న మాట తెర మీద కనిపిస్తుంది. చాలామంది పని అయిపోయిందనుకుని లాగవుట్ చేసేది సరిగ్గా ఇక్కడే. నిజానికి అది ఇంకా చిత్తుప్రతి మాత్రమే. ఇ-సైన్, అంటే ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కు వచ్చే ఓటీపీని కొట్టి చేసే డిజిటల్ సంతకం, పూర్తయితే తప్ప ఆ నామినేషన్ చెల్లదు. సంతకం లేని ఫారం 2కు ఎంత విలువ ఉండేదో దీనికీ అంతే విలువ. ఆధార్ తీసుకున్న నాటి సిమ్ ఎప్పుడో పోయి, కొత్త నంబరు ఆధార్‌లో ఎక్కించుకోనివారు ఈ చివరి మెట్టు దగ్గర ఆగిపోయి, తరువాత చూద్దామనుకుని మరిచిపోతారు.

కుటుంబం అన్న మాటకు ఈ నిబంధనల్లో ఉన్న అర్థం ఇంటి అర్థం కాదు. ఖాతా సొమ్ము విషయంలో పురుష సభ్యుడికి భార్య, పెళ్లయినా కాకపోయినా పిల్లలు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు భార్యా పిల్లలు కుటుంబంలోకి వస్తారు. మహిళా సభ్యురాలికి భర్త, పిల్లలు, ఆమె మీద ఆధారపడిన తల్లిదండ్రులతోపాటు భర్త మీద ఆధారపడిన అత్తమామలు కూడా వస్తారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఈ జాబితాలో లేరు. కుటుంబం ఉన్న సభ్యుడు బయటివారి పేరు రాస్తే అది చెల్లదు. కుటుంబం లేనప్పుడు ఎవరి పేరైనా రాయవచ్చు గానీ, తరువాత కుటుంబం ఏర్పడిన క్షణాన ఆ నామినేషన్ దానంతట అదే రద్దయిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తమ్ముడి పేరో స్నేహితుడి పేరో రాసుకున్న యువకుడు పెళ్లి చేసుకున్నాక కూడా పాత నామినేషన్ నడుస్తూనే ఉందనుకుంటే అది భ్రమ. పింఛను పథకంలో కుటుంబం ఇంకా చిన్నది. అక్కడ జీవిత భాగస్వామి, పిల్లలే కుటుంబం, తల్లిదండ్రులు అందులోకి రారు.

నామినేషన్ అసలే లేకపోతే ఏమవుతుందన్నది ఇంకా లోతుగా ఆలోచించవలసిన విషయం. అప్పుడు సొమ్మును కుటుంబ సభ్యులకు సమానంగా పంచుతారు. అయితే యుక్తవయస్సు వచ్చిన కొడుకులకు, భర్త జీవించి ఉన్న కూతుళ్లకు, ఇతర కుటుంబ సభ్యులు ఎవరైనా ఉంటే, అందులో వాటా రాదు. ఇరవై రెండేళ్ల కొడుకు ఇంకా చదువుకుంటూ ఉండవచ్చు; పెళ్లయిన కూతురు పుట్టింటి ఆసరాతోనే బతుకుతూ ఉండవచ్చు. ఆ తేడాలేవీ నిబంధనకు పట్టవు, పట్టించుకోవాలనుకున్న తండ్రికి ఉన్న దారి ఆ పేజీలో వారి పేర్లు, వాటాలు రాయడమే. ఈ నిబంధన తెలిసిన కార్మికుడికి నామినేషన్ ఒక దస్త్రపు పనిగా కనిపించదు. తన కష్టార్జితాన్ని పంచే అధికారం తన చేతిలో ఉంచుకోవడమో వదులుకోవడమో అక్కడ తేలుతుంది.

తెలుగువారికి ఈ పోర్టల్‌తో వచ్చే చిక్కుల్లో పేరు చిక్కు అన్నిటికన్నా పెద్దది. తెలుగు పేరులో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత ఉంటాయి. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకోవడం అలవాటు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కంపెనీ రికార్డులో పొడి అక్షరం ఉంటుంది, ఆధార్‌లో అదే ఇంటిపేరు చివరకు వెళ్లి ఉంటుంది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒక చోట కె-ఎస్-హెచ్ పెట్టి, మరొక చోట ఎక్స్ పెట్టి రాస్తారు. శ్రీనివాసులో ఇ అక్షరం ఒకటా రెండా, ఐ అక్షరమా అన్నది రాసినవారి ఇష్టం. మనుషుల మధ్య ఇవన్నీ ఒకే పేరు. యంత్రానికి వేర్వేరు మనుషులు. పెళ్లయిన స్త్రీ విషయంలో ఇది రెట్టింపవుతుంది, ఎందుకంటే ఉద్యోగంలో చేరినప్పుడు పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ సవరించాక అత్తింటి ఇంటిపేరు నమోదై ఉంటాయి. పుట్టిన తేదీ సంగతి చెప్పనక్కరలేదు. బడిలో చేర్చిన రోజున పంతులుగారు అంచనాగా వేసిన తేదీ ఒకటి, ఆధార్ కేంద్రంలో చెప్పిన తేదీ మరొకటి అయిన కార్మికులు పాత తరంలో ఎందరో ఉన్నారు.

ఈ తేడాలను సరిచేసుకోవడానికి జాయింట్ డిక్లరేషన్, అంటే ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే ఉమ్మడి ప్రకటన, అనే మార్గం ఉంది. మూతపడిన కంపెనీలో పనిచేసినవారికి యజమాని సంతకం ఎక్కడ దొరుకుతుందన్నది చాలాకాలం పెద్ద ప్రశ్నగా ఉండేది. 2025 జనవరి నుంచి, 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్ సరిపోల్చి ఇచ్చిన యూఏఎన్ ఉన్న సభ్యులు పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను యజమాని ఆమోదం లేకుండానే తామే దిద్దుకునే సౌకర్యం వచ్చింది. ఇది మెచ్చుకోవలసిన మార్పు. అయితే తేదీని బట్టి గీసిన ఆ గీతకు అవతల ఉన్నవారు పాత కార్మికులు. చేనేత, బీడీ, నిర్మాణ రంగాల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారు, పేరు చిక్కు ఎక్కువగా ఉన్నవారు కూడా వారే.

అటువంటివారు పోర్టల్‌ను స్వయంగా తెరవరు. బస్టాండు పక్కన ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్లి, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు బల్ల మీద పెట్టి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీని పైకి చదివి చెబుతారు; పాస్‌వర్డ్ పెట్టేది అక్కడి కుర్రవాడు, గుర్తుంచుకునేదీ అతడే. ఆ కుర్రవాళ్లలో ఓర్పుతో, నిజాయితీతో ఊరంతటికీ మేలు చేస్తున్నవారు ఉన్నారు, వారి శ్రమను చిన్నబుచ్చడం తగదు. ఐనా జీవితకాలపు పొదుపు తాళం మరొకరి నోటుపుస్తకంలో ఉండడం క్షేమం కాదు. నామినేషన్ పేజీ తెలుగులో ఉంటే ఈ పరాధీనత కొంతైనా తగ్గేది. అది అసాధ్యమేమీ కాదు; ఇదే సంస్థకు యూఏఎన్ నమోదైన ఫోన్ నుంచి ‘టి-ఇ-ఎల్’ అనే మూడు అక్షరాలు చేర్చి ఎస్‌ఎంఎస్ పంపితే ఖాతా వివరాలు తెలుగులో వచ్చే ఏర్పాటు ఉన్నప్పుడు, కుటుంబం ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం ఇంగ్లీషులోనే ఎందుకు అడగాలో సమాధానం దొరకదు.

ఇ-నామినేషన్ పూర్తయి ఉన్న సభ్యుడు మరణిస్తే, అదే పోర్టల్‌లో లబ్ధిదారు తానే మరణానంతర క్లెయిమ్ పెట్టుకునే లింకు ఉంది. అందులో నామినీ సభ్యుడి యూఏఎన్‌తోపాటు తన పేరు, పుట్టిన తేదీ, ఆధార్ సంఖ్య ఇవ్వాలి, ఓటీపీ మాత్రం నామినీ ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కే వస్తుంది. కాగా ఒకే ఫోన్‌తో నడిచే ఇళ్లలో భార్య ఆధార్‌కు కూడా భర్త నంబరే ఇచ్చి ఉంటారు. అతడు పోయాక కొన్నాళ్లకు రీచార్జి లేక ఆ సిమ్ ఆగిపోతుంది. అందువల్ల నామినీగా భార్య పేరు రాసే ఉద్యోగి అంతకు ముందే ఆమెను ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్లి ఆమె సొంత నంబరును ఎక్కించాలి, తన యూఏఎన్‌ను ఆమెకు తెలుగు అంకెల్లోనో ఇంగ్లీషు అంకెల్లోనో కాగితం మీద రాసి ఇవ్వాలి, ఇ-సైన్ అయ్యాక వచ్చే పీడీఎఫ్ ప్రతిని అచ్చు తీయించి రేషన్ కార్డు, భూమి పత్రాలు ఉండే చోటనే పెట్టాలి.