నాలుగు సీట్లూ ఒకే ఆటకి!

మొదటి రోజు మొదటి ఆటకి టిక్కెట్లు కొట్టిన మొనగాళ్లు మీలో చాలామందే ఉంటారు. డాలస్ నుంచి హైదరాబాదుకి పాయింట్ల మీద నాలుగు టిక్కెట్లు కొట్టారా ఎప్పుడైనా?

అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు 1981లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. వాళ్ల కార్డు మీద కందిపప్పు కొన్నా మైళ్లే! ఆ మైళ్లతో ఖతార్ విమానమెక్కి, దోహాలో మారి మనూరు రావచ్చు. 2024లో మేం కొన్నప్పుడు మనిషికి ఒకవైపు 40,000. రెండేళ్లు దాటిన పిల్లాడికీ నిండు టిక్కెట్టే. నలుగురికీ రానూపోనూ 3,20,000! పన్నులు వేరే, అవి డబ్బుగానే కట్టాలి. కూడబెట్టడానికి మూడేళ్లు పట్టింది.

మైళ్లుంటే సీటున్నట్టే అనుకునేరు! పాయింట్లకి వదిలేవి కొన్నే. నేల టిక్కెట్ల కిటికీలాగా ఇలా తెరిచి అలా మూసేస్తారు. రాత్రిళ్లు కాపలా కాస్తే సంక్రాంతికి దొరికినవి రెండు.

"మీరూ, పెద్దదీ వెళ్లిరండి" అంది మా ఆవిడ.

అమ్మ ఇంతవరకూ చూడనిది చిన్నవాణ్ణే కదా! పండగ వదిలేశాం. చివరికి ఫిబ్రవరిలో ఓ మంగళవారం నాలుగూ కనబడ్డాయి.

"మంగళవారం ప్రయాణమేమిట్రా?" అని ఫోనులో గొణిగింది అమ్మ. కాసేపాగి, "వాడు పెరుగన్నం తింటాడా?" అంది.